2.19 రావాలి, 2.12 వచ్చింది

నాలుగేళ్ల డిగ్రీ వచ్చాక మన కాలేజీల్లో ఒక కొత్త పని మొదలైంది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడాది 'ఆనర్స్ విత్ రీసెర్చ్' తీసుకోవచ్చు. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన చట్రం ప్రకారం మొత్తం 160 క్రెడిట్లలో 12 పరిశోధనకి పోతాయి. అది వద్దనుకున్నవాళ్లు వాటికి బదులు మూడు పేపర్లు చదువుకోవచ్చు. పరిశోధన అంటే ఒక గైడు, ఒక సమస్య, ఏడాది చివర ఒక థీసిస్, ఆ తర్వాత నలుగురి ముందూ నిలబడి ఒక ఉపన్యాసం.

డిగ్రీ పిల్లలకి ఇదంతా అవసరమా అని ఇద్దరు ఫిజిక్సు వాళ్లు వాదించుకుంటుంటే పక్కన కూర్చుని విన్నాను. ఒకరు రిటైరైన లెక్చరర్. రెండోవారు ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు అదే పాఠం చెబుతూ, ఈ ఏడాది ఒక అమ్మాయి చేత థీసిస్ రాయించిన గైడు. ఉపన్యాసానికి ఆయన్ని పిలిచింది కూడా ఆవిడే. హాల్లోంచి బయటికొచ్చి కాఫీ కప్పులు పట్టుకోగానే మొదలైంది. పేర్లతో పని లేదు. నా మొగ్గు గైడు వైపే. అయినా మాస్టారు గెలిచిన చోట గెలిచినట్టే రాశాను.

మాస్టారు: పిల్ల బాగానే మాట్లాడింది. కానీ అమ్మాయ్, దీన్ని పరిశోధన అంటే మాత్రం నేనొప్పుకోను. మ్యూవాన్ సగటు జీవితకాలం కొలిచారు. సంతోషం. స్విట్జర్లాండులో మ్యూలాన్ ప్రయోగం వాళ్లు 2011లోనే 2.1969803 మైక్రోసెకన్లని తేల్చేశారు. లక్ష కోట్లకి పైగా మ్యూవాన్లని లెక్కపెట్టి, పది లక్షల్లో ఒక వంతు తేడా లేకుండా. అంత జరిగాక నువ్వూ నీ శిష్యురాలూ ఒక డబ్బా పెట్టుకుని 2.12 అంటే, లోకానికి కొత్తగా తెలిసిందేమిటి?

గైడు: లోకానికేమీ తెలియలేదు మాస్టారూ. ఆ పిల్లకి తెలిసింది.

మాస్టారు: అలాగైతే ప్రాక్టికల్ అను. మేం చేయించలేదా ప్రాక్టికల్సు? దానికి నల్ల బైండింగు వేయించి, బంగారు అక్షరాలు కొట్టించి, రీసెర్చ్ అని పేరు పెడితే అయిపోతుందా?

గైడు: మీరు చేయించిన తీరు వేరు. ఇప్పుడెలా జరుగుతోందో మీకూ తెలుసు. లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కోమంటే పిల్లలు ముందు 980 అని రాసుకుంటారు. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టి, ఇరవై డోలనాలకి ఎన్ని సెకన్లు రావాలో అన్ని వేస్తారు. సీనియర్ల రికార్డు దొరికితే ఆ శ్రమ కూడా ఉండదు. ఎక్స్‌టర్నల్ వచ్చి, గ్రాఫు అందంగా ఉందో లేదో చూసి సంతకం పెట్టి వెళ్లిపోతాడు. జవాబు ముందే తెలియని ప్రయోగం మూడేళ్లలో ఒక్కటీ వాళ్ల చేతికి రాదు.

మాస్టారు: దీనికీ జవాబు తెలుసుగా. 2.197. ఏ పుస్తకంలో చూసినా ఉంటుంది.

గైడు: అసలు గొడవంతా అక్కడే వచ్చింది. చెబుతాను, ముందు ఆ డబ్బా సంగతి వినండి. ప్లాస్టిక్ సింటిలేటర్ దిమ్మ ఒకటి, దానికి అతికించిన ఫొటోమల్టిప్లయర్ ట్యూబు ఒకటి. కాస్మిక్ కిరణాల వల్ల పైనుంచి వచ్చే మ్యూవాన్ కణం దిమ్మలో దూరితే చిన్న మెరుపు వస్తుంది. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకి నిమిషానికొకటి చొప్పున పడుతూనే ఉంటాయి. ఇలా కాఫీ తాగుతున్నా మన ఒంట్లోంచి పోతూనే ఉన్నాయి. చాలావరకు దిమ్మని దాటిపోతాయి. ఎప్పుడో ఒకటి వేగం చచ్చి దిమ్మలోనే ఆగిపోతుంది. ఆగిన కాసేపటికి విచ్ఛిన్నమై ఎలక్ట్రానుని వదులుతుంది, అప్పుడు రెండో మెరుపు. ఆ రెండు మెరుపుల మధ్య కాలం కొలవాలి. మా దిమ్మలో అలాంటి జంట నిమిషానికి ఒకటొస్తే గొప్ప.

మాస్టారు: అది తెలుసమ్మా. కష్టమెక్కడ?

గైడు: ముందు వెలుతురు దగ్గర. ట్యూబుకి వెయ్యి వోల్టుల దాకా ఇస్తాం కదా, బయటి వెలుతురు సూదిమొనంత చొరబడినా లెక్క తప్పిపోతుంది. దిమ్మకి అల్యూమినియం ఫాయిలు చుట్టి, దాని మీద నల్ల కాగితం, దాని మీద కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు. అయినా రాత్రి ఒక లెక్క, పగలు ఒక లెక్క. పగలు రెట్టింపు వస్తోంది. పిల్ల నెట్లో పేపర్లు వెతికి, కాస్మిక్ కిరణాలకి దైనిక మార్పు ఉంటుందట మేడమ్, ఊటీలో గ్రేప్స్ ప్రయోగం వాళ్లు కొలుస్తున్నారట అంటూ పరిగెత్తుకొచ్చింది.

మాస్టారు: అది ఒక శాతం కూడా ఉండదే!

గైడు: ఆ మాటే అన్నాను. గది తలుపులు మూసి, లైట్లార్పి, సెల్‌ఫోను టార్చి వేసి డబ్బా చుట్టూ మెల్లగా తిప్పుతూ కౌంటు చూడమన్నాను. ట్యూబూ దిమ్మా కలిసే చోట టేపు మడత పడింది. అక్కడ టార్చి పెట్టగానే కౌంటు ఎగిరింది. మడత విప్పి మళ్లీ చుట్టింది. ఆ రోజు నుంచి రాత్రీ పగలూ ఒకటే లెక్క.

మాస్టారు: ఇలాంటివి ఏ రికార్డులోనూ రాయరు.

గైడు: థీసిస్‌లో రాయించాను. ఫొటోతో సహా ఒక పేజీ.

మాస్టారు: మంచి పని చేశావు. కానీ ఇది ఓపిగ్గా చేసిన ప్రాక్టికల్ అనే నేనంటున్నాను. ఓపిగ్గా చేస్తే ప్రాక్టికల్లోంచే పరిశోధన పుడుతుంది. రామన్‌నే తీసుకో. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతూ, స్పెక్ట్రోమీటరుతో పట్టకం కోణం కొలుస్తుంటే, వివర్తన పట్టీలు రెండు పక్కలా ఒకేలా లేవని కనిపెట్టాడు. 1906లో ఫిలసాఫికల్ మ్యాగజైన్లో పేపరు అచ్చయింది. అప్పటికి పద్దెనిమిదేళ్లు. మన పిల్లలు ఇప్పటికీ చేసే ప్రయోగమే కదా అది! చంద్రశేఖర్ అదే కాలేజీలో బీఎస్సీ ఆనర్సు చదువుతూ 1929లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో పేపరు వేశాడు. ఇద్దరికీ క్రెడిట్లు లేవు, గైడు లేడు, చివర పవర్‌పాయింటు లేదు. చేసేవాడు ఎలాగైనా చేస్తాడు. చేయనివాడి చేత చేయించడానికి యూజీసీ ఎందుకు?

గైడు: ఆ లెక్కన రామానుజన్ డిగ్రీ లేకుండానే గణితంలో అంత చేశాడు గనక డిగ్రీలే తీసెయ్యాలి. పైగా చంద్రశేఖర్‌కి గైడు లేడంటే ఎలా? 1928లో సోమర్‌ఫెల్డ్ మద్రాసు వస్తే వెళ్లి కలుసుకున్నాడు. నువ్వు చదివిన ఫిజిక్సు పాతబడిపోయిందని చెప్పి, ఇంకా అచ్చుకాని తన పేపరు ప్రూఫులు చేతిలో పెట్టాడాయన. గైడు చేయాల్సిన పని ఆయన ఒక్క కలయికలో చేసేశాడు. మా ఊరికి సోమర్‌ఫెల్డ్ రాడు మాస్టారూ. అందుకే పన్నెండు క్రెడిట్లు పెట్టి, ఏడాదంతా ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టాల్సి వస్తోంది.

మాస్టారు: సరే, ఆ 2.12 సంగతి చెప్పు.

(ఈ మాట అడిగేటప్పటికి ఆయన గొంతులో వాదన తగ్గి కుతూహలం కనిపించింది. ఫిజిక్సు వాళ్లతో ఉన్న సుఖమే అది. ఎంత పట్టుదల మీదున్నా, రావాల్సిన అంకె రాలేదంటే చెవి అటు వేస్తారు.)

గైడు: పది వేలకి పైగా జంట మెరుపులు పోగేసింది. ఘాతీయంగా దిగే రేఖ ఒకటి, కింద సమంగా పరుచుకున్న బ్యాక్‌గ్రౌండు ఒకటి, రెండూ కలిపి ఫిట్ చేసింది. 2.12 వచ్చింది, అటూ ఇటూ 0.02. పుస్తకంలో 2.197. మూడు సిగ్మాలు, అంటే ఆ 0.02కి మూడింతలు, దాటిన తేడా. పిల్లకి అన్నం సయించలేదు. కొన్నాళ్లకి నా గదికొచ్చి, "మేడమ్, 2.19 వచ్చేసింది" అంది. ఎలా వచ్చిందమ్మా అంటే, మొదటి మైక్రోసెకను డేటా వదిలేసి ఫిట్ చేశానంది. ఎందుకు వదిలావు? "అక్కడ నాయిస్ ఉంటుంది కదా మేడమ్." ఉంటుందా, ఉందా? మాట్లాడలేదు.

మాస్టారు: లోలకం 980 మళ్లీ వచ్చింది!

గైడు: అచ్చంగా అదే. మూడేళ్లు మనం నేర్పింది అదే కదా, నాలుగో ఏడాది దాన్నే చేసింది. నేనేమీ అనలేదు. డేటా పుస్తకం తీయమన్నాను. ఫిట్ 0.5 దగ్గర మొదలుపెడితే ఎంత, 0.8 దగ్గరైతే ఎంత, 1.0, 1.5 దగ్గరైతే ఎంత, అన్నీ ఒక పట్టికలో వేయమన్నాను. వేసింది. 2.08 నుంచి 2.19 దాకా ఏది కావాలంటే అది దొరుకుతోంది. అందులోంచి తనకి కావలసింది ఏరుకుంది. పట్టిక పూర్తయ్యేసరికి ఆ సంగతి నేను చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. అప్పుడడిగాను, పుస్తకంలో ఉన్న 2.197 ఏ మ్యూవాన్‌ది అని.

మాస్టారు: ఆగాగు, చెప్పకు. మీది ప్లాస్టిక్ దిమ్మ. అంటే కార్బన్. నెగటివ్ మ్యూవాన్లు కార్బన్లో...

గైడు: మీకు కప్పు కింద పెట్టేలోగా తట్టింది. ఆ పిల్ల లైబ్రరీ చుట్టూ చాలా రోజులు తిరిగింది.

పాఠకుల కోసం ఇక్కడ కొంచెం విడమరచాలి. పైనుంచి పడే మ్యూవాన్లలో ధనావేశం ఉన్నవీ ఋణావేశం ఉన్నవీ కలిసే వస్తాయి. ధన మ్యూవాన్లు కాస్త ఎక్కువ, ఒక ఋణ మ్యూవానుకి ఇంచుమించు ఒకటింబావు. ధన మ్యూవాన్ ప్లాస్టిక్‌లో ఆగినా, తన ఆయుష్షు తాను బతికి విచ్ఛిన్నమవుతుంది. ఋణ మ్యూవానుని మాత్రం కార్బన్ కేంద్రకం తన చుట్టూ కక్ష్యలోకి లాక్కుంటుంది, కొన్నిటిని మింగేస్తుంది. అందువల్ల కార్బన్లో ఋణ మ్యూవాన్ సగటు జీవితకాలం 2.03 మైక్రోసెకన్ల దగ్గరికి పడిపోతుంది. రెండు రకాలూ కలిసిన గుంపుకి సగటు కడితే సరిగ్గా 2.12 వస్తుంది. మ్యూలాన్ వాళ్లు కొలిచింది ధన మ్యూవాన్లని. అంటే ఆ డబ్బా మొదటి నుంచీ నిజమే చెబుతోంది. పిల్ల పుస్తకాన్ని నమ్మి డబ్బాని సరిదిద్దబోయింది.

మాస్టారు: ఎంత బాగుందమ్మా! దీని వెనక పెద్ద కథ ఉంది, ఆ పిల్లకి చెప్పావా? యుద్ధం రోజుల్లో రోమ్‌లో కాన్వెర్సీ, పంచీనీ, పిచ్చోనీ అని ముగ్గురు కుర్రాళ్లు. 1943లో యూనివర్సిటీ పక్కపేట మీద బాంబులు పడితే, కాన్వెర్సీ, పిచ్చోనీ సామానంతా ఒక హైస్కూలు నేలమాళిగలోకి చేరవేసుకున్నారు. అయస్కాంతీకరించిన ఇనుముతో ధన, ఋణ కణాల్ని విడదీసి చూశారు. ఇనుములో ఋణ కణాల్ని కేంద్రకాలు మింగేస్తున్నాయి. కార్బన్లోనేమో బతికి బట్టకట్టి విచ్ఛిన్నమవుతున్నాయి. కేంద్రకాన్ని పట్టి ఉంచేదని యుకావా ఊహించిన కణమైతే కార్బన్లోనూ క్షణంలో మాయమవ్వాలి. కాలేదంటే ఇది ఆ కణం కాదన్నమాట. 1947లో అచ్చేశారు. ఆధునిక కణ భౌతికశాస్త్రం ఆ ప్రయోగంతోనే మొదలైందని ఆల్వరెజ్ 1968 నోబెల్ ప్రసంగంలో చెప్పాడు.

గైడు: మూడో అధ్యాయం అదే మాస్టారూ. పిల్లే వెతికి రాసింది.

మాస్టారు: ఇప్పుడు విను. ఇదంతా నేను క్లాసులో అరగంటలో చెబుదును. క్లాసంతా వినేది. నువ్వు ఒక్క పిల్లకి ఏడాది పెట్టావు.

గైడు: మీరు చెబితే క్లాసంతా వినేది. మేమూ విన్నాం. పరీక్షలో రాశాం, మార్కులొచ్చాయి. కానీ నా అంకె తప్పేమోనని భయపడిన రోజు మాత్రం నాకు పీహెచ్‌డీలో గానీ రాలేదు. అప్పటికి ఇరవై అయిదు దాటాయి. ఈ పిల్లకి ఇరవై ఒకటి.

మాస్టారు: భయపడింది, నిజమే. భయపడి ఏం చేసింది? డేటా కోసేసింది. నువ్వు పుస్తకం తెమ్మన్నావు గనక దొరికింది. తెమ్మనని చోట ఆ 2.19 బంగారు అక్షరాల బైండింగులో కూర్చునేది. ఎక్స్‌టర్నల్ భేష్ అనేవాడు, ఎందుకంటే ఆయనకీ పుస్తకంలో అంకే తెలుసు. నిజాయితీగా 2.12 వేసిన పిల్లకి మార్కులు తగ్గేవి! నీ కథ నీ గెలుపనుకుంటున్నావు. నాకది నా వాదనకి సాక్ష్యం. ఒక్కో కాలేజీలో నీలాంటివాళ్లు ఎంతమందున్నారు? వారానికి ఇన్నేసి క్లాసులు, ఎన్నికల డ్యూటీ, న్యాక్ ఫైళ్లు. వీటి మధ్య పదిమంది థీసిస్‌లు ఒక మనిషి నెత్తిన వేస్తే ఏం జరుగుతుంది? బీటెక్‌కి ఏం జరిగింది? అమీర్‌పేటలో ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు వెలిశాయి. ఇప్పుడు దుకాణం కూడా అక్కర్లేదు, చాట్‌జీపీటీని అడిగితే నలభై పేజీలు రాసిస్తుంది.

గైడు చాలాసేపు మాట్లాడలేదు. ఈ దెబ్బకి నేరుగా జవాబు లేదు. నాకూ తోచలేదు. ఆవిడ పక్కదారిన వచ్చారు.

గైడు: ఎమ్మైటీలో ఫైన్‌మన్ 1939లో బ్యాచిలర్స్ థీసిస్ రాశాడు, అణువుల్లో బలాల మీద. ఇరవై ఒకటి నిండీ నిండని వయసు. అదే ఏడాది ఫిజికల్ రివ్యూలో పేపరుగా వచ్చింది. ఇప్పటికీ క్వాంటం రసాయనం చేసేవాళ్లు రోజూ వాడతారు.

మాస్టారు: అక్కడ గైడు స్లేటర్. మన దగ్గర స్లేటర్లు ఏరీ?

గైడు: పూర్తిగా విననివ్వండి. ఆ సిద్ధాంతాన్ని ఈరోజు హెల్మన్-ఫైన్‌మన్ సిద్ధాంతం అంటున్నాం. ఎందుకు? 1937లోనే హెల్మన్ తన పుస్తకంలో రాసేశాడు. అంటే మీ మొదటి ప్రశ్న ఫైన్‌మన్‌కీ వర్తిస్తుంది. లోకానికి కొత్తగా తెలిసిందేమిటి అని అడిగితే, ఆ థీసిస్ కూడా పాసవ్వదు.

మాస్టారు: (నవ్వారు) గడుసుదానివి. సరే, కొత్తదనం మాట వదిలేస్తాను. కానీ గైడ్ల మాట వదలను.

గైడు: అది నేనూ వదలమనను. ఒక మనిషికి ఇద్దరు, మహా అయితే ముగ్గురు. అంతకు మించితే నేను కూడా డేటా పుస్తకం అడగలేను. మిగతావాళ్లకి ఆ మూడు పేపర్లు ఇవ్వాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

మాస్టారు: చిన్నతనం సరే, నష్టం కూడా లేదంటాను, లాభం. ఇందాక నేనడిగింది విన్నావా? మ్యూవాన్ విచ్ఛిన్నమైనప్పుడు ఎలక్ట్రానుతో పాటు కనిపించని కణాలు ఒకటికంటే ఎక్కువ ఎందుకుండాలి అంటే చక్కగా చెప్పింది. ఒక్కటే అయితే ఎలక్ట్రాను శక్తి ఎప్పుడూ ఒకేలా ఉండాలి, ఉండట్లేదు కాబట్టి అని. బాగుంది. జీవితకాలం నుంచి ఫెర్మీ స్థిరాంకం లాగావు కదా, ఆ సూత్రంలో 192 ఎక్కడిది అంటే? గోడకేసి చూసింది. ఎందుకంటే పర్టర్బేషన్ సిద్ధాంతం చదవాల్సిన సెమిస్టర్లో టేపు చుడుతూ కూర్చుంది. రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా టేపు గురించి అడుగుతారా, హైడ్రోజన్ సూక్ష్మ నిర్మాణం గురించి అడుగుతారా?

గైడు: 192 దగ్గర మీదే పైచేయి. అయితే ఆ పిల్ల గోడకేసి చూసి ఊరుకోలేదు. "ఆ గుణకం నేను రాబట్టలేదు సార్, పేపర్లోంచి తీసుకుని వాడాను" అంది. హాలు నిండా జనం ముందు, తల్లిదండ్రులు ముందు వరసలో కూర్చునుండగా. మూడో ఏడాదిలో ఇదే పిల్ల వైవాలో నోటికొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు కలిపి కొట్టేది. ఆ వైవా నేనే పెట్టాను, నాకు గుర్తుంది.

మాస్టారు: ఉపన్యాసం మాట వచ్చింది గనక అడుగుతున్నాను. మధ్యలో తెలుగులోకి దిగింది. అది నీ సలహాయేనా?

గైడు: సగం నాదే. మొదటి రిహార్సల్‌కి ఇరవై నిమిషాల మాటకి నలభై పైచిలుకు స్లైడ్లు తెచ్చింది. మొదటి పదీ 1912లో హెస్ బెలూన్ ఎక్కిన దగ్గర్నుంచి కాస్మిక్ కిరణాల చరిత్ర. "మన డబ్బా ఎప్పుడొస్తుందమ్మా?" అంటే పదిహేడో స్లైడ్లో అంది. కోసేశాం. రెండో స్లైడుకే డబ్బా రావాలన్నాను. గ్రాఫులన్నీ సాఫ్ట్‌వేర్ తెర ఫొటోలు, అక్షాల మీద అంకెలు మొదటి వరసకే కనబడవు. అన్నీ మళ్లీ గీసింది. చివర 'థాంక్యూ' అని పూలగుత్తి బొమ్మ ఉంటే తీయించి, ఆ ఫిట్‌ల పట్టిక పెట్టించాను. ప్రశ్నలడిగేటప్పుడు తెర మీద ఉండాల్సింది అదీ. ఇంగ్లీషు మాత్రం బట్టీ పట్టింది. మొదటి అయిదు నిమిషాలూ మీరు విన్నది బట్టీనే. స్లైడు ఒకటి ముందుకు దూకేసరికి తాడు తెగింది. అప్పుడు మీరు తెలుగులో ప్రశ్న వేశారు.

మాస్టారు: కావాలనే వేశాను. పిల్ల వణుకుతోంది.

గైడు: రెండు రకాల మ్యూవాన్లనీ ఎలా విడదీశావు అన్నారు. "విడదీయలేదండీ, మాకు అంత అయస్కాంతం లేదు. కలిసిన సగటే కొలిచాం. నిష్పత్తి వేరేవాళ్లు కొలిచింది తీసుకున్నాం. అందుకని ఈ 2.12 సరిపోయిందంటే మా లెక్క తప్పని తేలలేదు అనే అనాలి, రుజువైందని అనకూడదు." ఆ మాట నేను నేర్పలేదు మాస్టారూ. థీసిస్‌లో కూడా లేదు. అక్కడ నిలబడ్డాకే వచ్చింది.

మాస్టారు: విన్నాను. నోట్ చేసుకున్నాను కూడా. కానీ బయటికెళితే ఇంగ్లీషులోనే చెప్పాలి కదా?

గైడు: చెబుతుంది. ముందు విషయం నోటికి రానివ్వండి.

(ఇక్కడ మాస్టారి వాదన నాకు పేలవంగా అనిపించింది. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లకి ఇంగ్లీషు నేర్పడం, ఫిజిక్సు తనదని తెలియజెప్పడం వేరువేరు పనులు. రెండూ ఒకే ఇరవై నిమిషాల్లో పరీక్ష పెడితే రెండోది మునిగిపోతుంది. అయితే ఆయన చివరి ప్రశ్న పేలవమైంది కాదు.)

మాస్టారు: ఒక్కటడుగుతాను, సూటిగా చెప్పు. థీసిస్‌లో తప్పిన పిల్లని నువ్వెప్పుడైనా చూశావా?

గైడు: లేదు.

మాస్టారు: ఎక్కడైనా విన్నావా?

గైడు: లేదు మాస్టారూ.

మాస్టారు: ప్రాక్టికల్‌కి యాభైకి నలభై ఎనిమిది వేసే దేశం మనది. ఎవరూ తప్పని పరీక్షలో మంచిదానికీ చెడ్డదానికీ తేడా ఎక్కడుంటుంది? నీ పిల్ల అంత కష్టపడింది. పక్క గదిలో జిరాక్సు షాపు థీసిస్ పెట్టినవాడికీ అదే ఓ గ్రేడు. అది ఈ పిల్లకి అన్యాయం కాదా?

గైడు: అన్యాయమే. అందుకే మిమ్మల్ని పిలిచాను. వచ్చే ఏడాది ఎక్స్‌టర్నల్‌గా రండి.

మాస్టారు: వస్తే నా పద్ధతిలో చూస్తాను. బైండింగు తెరవను. ముందు డేటా పుస్తకం బల్ల మీద పెట్టాలి, తేదీలతో, పెన్నుతో రాసింది. కొట్టేసిన రీడింగులు కొట్టేసినట్టే కనబడాలి. పనికిరాలేదని వదిలేసిన ఫిట్‌లు కూడా ఉండాలి. ఆ తర్వాతే స్లైడ్లు. డేటా పుస్తకం లేకపోతే నేను సంతకం పెట్టను. ప్రిన్సిపాల్ ఫోన్ చేసినా పెట్టను.

గైడు: పెట్టకండి.

మాస్టారు: పిల్లలు ఏడుస్తారు.

గైడు: నాలుగో ఏడాది మొదట్లోనే చెప్పేస్తే ఏడవరు. జూన్‌లో చెబుతాను, మీ పేరు చెప్పి మరీ.

మాస్టారు: ఆ 192 కూడా అడుగుతాను.

గైడు: అడగండి. ఈసారి పర్టర్బేషన్ సిద్ధాంతం నేనే సాయంత్రాలు చెబుతాను. మీరూ వారానికోసారి వచ్చి చెబితే ఇంకా మంచిది.

మాస్టారు ఒప్పుకున్నారు, పరిశోధన అన్న మాట మీద మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. థీసిస్ పిల్లలందరికీ ఉండాలా అన్న దాని మీద ఇద్దరూ చివరికి ఒకే మాటకొచ్చారు: గైడుకి తీరిక ఉన్నంతమందికే, అడిగి తీసుకున్నవాళ్లకే.

ఈ ఏడాది నాలుగో సంవత్సరంలో చేరబోయే విద్యార్థులకి నాదొక మనవి. టాపిక్ ఏమిటని అడగడానికి ముందు, కిందటేడాది పిల్లల డేటా పుస్తకం ఒకటి చూపించమని మీ గైడుని అడగండి. అందులో కొట్టివేతలు కనిపిస్తే చేరండి. పుస్తకమే లేదంటే ఆ మూడు పేపర్లు తీసుకుని శుభ్రంగా చదువుకోండి.